పెద్దల కామెర్లు: దారి ఎక్కడ మూసుకుంది?

అరవై దాటిన మనిషి కళ్లు పచ్చబడి, పొట్ట పైభాగంలో నొప్పితో వస్తే వైద్యుడు ముందుగా తేల్చుకోవలసింది ఒకటుంది. కాలేయం చెడిందా, లేక అందులో తయారైన పిత్తరసం పేగులోకి దిగే దారి మూసుకుందా? ఈ ప్రశ్న మన దేశంలో చాలా పాతది. చరక సంహిత చికిత్సాస్థానం పదహారో అధ్యాయంలో కామలను, అంటే కామెర్లను, రెండు రకాలుగా విడదీశారు. వాటిలో ఒకటి శాఖాశ్రిత కామల. కఫం అడ్డుపడి పిత్తం తన దారిన దిగలేక ఒంట్లోకి ఎక్కుతుందని, అప్పుడు కళ్లూ చర్మమూ మూత్రమూ పచ్చబడినా మలం మాత్రం నూరిన నువ్వుల ముద్దలా తెల్లబోతుందని అక్కడ రాశారు. స్కాన్లు, రక్తపరీక్షలు లేని రోజుల్లో మలం రంగును బట్టి లోపల దారి మూసుకుందని చెప్పగలిగారు. ఆ గుర్తు ఇవాళ్టికీ పనికొస్తుంది.

నేను విశాఖపట్నంలో చదువుకుని, గోదావరి జిల్లాల ప్రభుత్వాసుపత్రుల్లో జనరల్ మెడిసిన్ వార్డులు చూసి రిటైరైనవాణ్ణి. కామెర్ల రోగి లేని వార్డు నేను చూడలేదు. ఈ జబ్బుని గుర్తుపట్టే విద్య ఎలా పెరిగిందో చదువుతున్నకొద్దీ నాకు ఒక సంగతి రూఢి అయింది. కామెర్ల గురించి మన ఊళ్లలో ఉన్న నమ్మకాలన్నీ కుర్రవాళ్లకొచ్చే కామెర్లను చూసి పుట్టినవి. పెద్దవాళ్ల కామెర్ల కథ వేరు. దాన్ని నేర్పినవాళ్లు లెక్కకు అందని రోగులు, సూత్రానికి ఒదగని రోగులు.

మన ఊళ్ల సంగతే ముందు చెబుతాను. కళ్లు పచ్చబడగానే పసరు మందు. తెల్లవారుజామున పరగడుపున నేల ఉసిరి నూరి మజ్జిగలో ఇస్తారు. కొన్నిచోట్ల కంట్లోనో ముక్కులోనో పసరు పిండుతారు, కొన్నిచోట్ల చేతిమీద వాత పెడతారు. ఆ తర్వాత ఉప్పూ కారం నూనే లేని చప్పిడి పథ్యం. పదహారేళ్ల పిల్లవాడికి కలుషితమైన నీళ్లవల్ల వచ్చిన హెపటైటిస్-ఎ చాలావరకు కొన్ని వారాల్లో తనంతట తానే తగ్గిపోతుంది. ఆ పేరు పసరుకు దక్కుతుంది. అదే పసరును అరవై ఎనిమిదేళ్ల తాతకు ఇస్తారు. ఆయన పిత్తనాళంలో రాయో కంతో ఉంటే అది పథ్యానికి కరగదు. ఇందులో ఇంకో చిక్కుంది. పిత్తనాళం పేగులోకి తెరుచుకునే చోట, అంటే ఆంపుల్లా దగ్గర, పుట్టే కంతి ఒక్కోసారి పైపైన ఊడి రాలుతుంది. దారి కొంచెం తెరుచుకుని కామెర్లు దిగుతాయి. మందు పనిచేసిందనుకుని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. వారాల తర్వాత పచ్చదనం మళ్లీ ఎక్కుతుంది. ఈ మధ్యలో పోయిన కాలం తిరిగి రాదు.

ఆ దారి ఎలా ఉంటుందో తెలియడానికే ఐరోపాలో చాలా కాలం పట్టింది. 1642లో ఇటలీలోని పాదువా నగరంలో విర్సుంగ్ అనే జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు ఉరితీసిన ఒక మనిషి శరీరాన్ని కోసి, క్లోమంలో, అంటే పాంక్రియాస్‌లో, పొడవునా సాగే ఒక నాళాన్ని చూశాడు. అది దేనికి పనికొస్తుందో ఆయనకు అంతుపట్టలేదు. రాగిరేకు మీద దాని బొమ్మ చెక్కించి, అచ్చులు తీసి, పేరున్న పండితులకు పంపి అభిప్రాయం అడిగాడు. మరుసటి ఏడాదే హత్యకు గురయ్యాడు. 1720లో విట్టెన్‌బర్గ్‌లో అబ్రహాం వాటర్, పిత్తనాళమూ క్లోమనాళమూ పేగులోకి తెరుచుకునే చిన్న ఉబ్బును వివరించాడు. మన గోదావరి కాలువలో తూము దగ్గర అడ్డం పడితే పైనున్న బోదెలన్నీ ఎగదన్నుతాయి. కామెర్ల వైద్యంలో ఆ తూము ఇదే. క్లోమం తలభాగంలో గడ్డ వచ్చినా, నాళంలో రాయి దిగినా, ఆంపుల్లాలో కంతి లేచినా బయటికి కనిపించే పచ్చదనం ఒకటే. ఏది అడ్డుపడిందో ఎలా చెప్పాలి?

బేసెల్ నగరంలో సర్జన్ లుడ్విగ్ కూర్వాజియే ఈ ప్రశ్నకు లెక్కలతో జవాబు వెతికాడు. ఈయన సీతాకోకచిలుకలను సేకరించి వర్గీకరించడంలోనూ పేరు తెచ్చుకున్నవాడు. 1890లో అచ్చయిన తన గ్రంథంలో పిత్తనాళం మూసుకున్న 187 మంది రోగుల వివరాలు క్రోడీకరించాడు. వారిలో 87 మందికి కారణం రాయి, 100 మందికి ఇతర కారణాలు. రాయి ఉన్నవారిలో 70 మందికి పిత్తాశయం ముడుచుకుపోయి ఉంది, 17 మందికి ఉబ్బి ఉంది. ఇతర కారణాలున్న వందమందిలో 92 మందికి ఉబ్బి ఉంది, 8 మందికి ముడుచుకుని ఉంది. ఏళ్ల తరబడి రాళ్లు ఒరుసుకున్న పిత్తాశయం గట్టిపడి సాగలేదు. ఆరోగ్యంగా ఉన్నది మాత్రం వెనక నుంచి ఒత్తిడి పెరిగితే బెలూనులా సాగుతుంది. అందుకే కామెర్లతో పాటు పొట్టలో కుడివైపు నొప్పిలేని గుండ్రటి ఉబ్బు చేతికి తగిలితే కారణం రాయి కాకపోవచ్చు, కంతి గురించి ఆలోచించాలి.

తర్వాతి తరాలు దీన్ని 'కూర్వాజియే లా' అని బట్టీ పట్టాయి. ఆయన రాసింది మాత్రం లెక్క. ఆ లెక్కలోనే 17 మంది, 8 మంది, కలిపి 25 మంది సూత్రానికి ఎదురు నిలిచారు. వాళ్లను ఆయన దాచలేదు, పక్కన పెట్టలేదు. నాకు ఆయన మీద గౌరవం ఆ 92 వల్ల కంటే ఈ 25 వల్లే ఎక్కువ.

అంతకుముందే, 1877లో, పారిస్‌లో షార్కో జ్వరం, కామెర్లు, కుడి డొక్క కింద నొప్పి, ఈ మూడూ కలిస్తే పిత్తనాళంలో చీము పడుతోందని చెప్పాడు. 1959లో అమెరికా సర్జన్లు రేనాల్డ్స్, డార్గన్ వాటికి ఇంకో రెండు చేర్చారు: రక్తపోటు పడిపోవడం, మనిషి మతి తప్పి మాట్లాడటం. పెద్దవాళ్ల విషయంలో ఈ చివరిది చాలా ముఖ్యం. ముసలివాళ్లలో జ్వరం అంతగా పెరగకపోవచ్చు, నొప్పి గట్టిగా చెప్పకపోవచ్చు. "రాత్రి నుంచి ఏదేదో మాట్లాడుతున్నాడు బాబూ, నన్ను కూడా గుర్తుపట్టట్లేదు" అని భార్య చెప్పే మాటే మొదటి లక్షణం కావచ్చు. వయసు మీదపడింది, మతిమరుపు వచ్చిందని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. వార్డులో కూడా ఆ మాట వినపడుతుంది. గంటల్లో దారి తెరవకపోతే ప్రాణం పోయే స్థితి అది.

విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రిలో మా ప్రొఫెసర్ గారు కామెర్ల రోగిని బల్బు వెలుతురులో చూడనిచ్చేవారు కాదు. "కిటికీ దగ్గరికి తీసుకురావయ్యా, పగటి వెలుతురులో చూడు" అనేవారు. పసుపు వెలుతురు కింద తేలికపాటి కామెర్లు కనిపించవు. పై రెప్ప ఎత్తి, రోగిని కిందికి చూడమని, తెల్లగుడ్డు పైభాగం చూపించేవారు. తర్వాత చేతుల మీద గోకిన గీతలు చూడమనేవారు. దారి మూసుకున్నవారికి దురద నిద్రపోనివ్వదు. ఆ తర్వాత తప్పకుండా అడిగే మాట: "మలం రంగు అడిగావా, చూశావా?" అడిగానంటే సరిపోయేది కాదు. బెడ్‌పాన్ దగ్గరికి నడవాల్సిందే. 1955లో ఇంగ్లండులో హెనేజ్ ఓగిల్వీ అనే సర్జన్ ఆంపుల్లా కంతి ఉన్న రోగుల్లో కనిపించే వెండి రంగు మలం గురించి రాశాడు. పిత్తం దిగక తెల్లబోయిన మలంలో కంతి నుంచి కారిన రక్తం కలిసి ఆ రంగు వస్తుంది. చరకుడి కాలంలో మొదలైన పరిశీలన ఇరవయ్యో శతాబ్దంలో కూడా ఒక అరుదైన జబ్బును పట్టించింది.

వార్డు పక్కనున్న సైడ్ ల్యాబులో మేమే చేసుకున్న పరీక్షలు ఇప్పటి పిల్లలకు తెలియవు. పరీక్షనాళికలో మూత్రం పోసి పైన చిటికెడు గంధకం పొడి చల్లేవాళ్లం. మామూలు మూత్రంలో పొడి పైనే తేలుతుంది. పిత్త లవణాలుంటే తలతన్యత తగ్గి, పొడి నెమ్మదిగా అడుక్కి దిగుతుంది. ఇంకో నాళికలో బేరియం క్లోరైడ్ కలిపితే తెల్లటి మడ్డి పేరుకుంటుంది. దాన్ని వడపోత కాగితం మీద ఆరబెట్టి ఫూషే రసాయనం ఒక చుక్క వేస్తే, బిలిరుబిన్ ఉన్నచోట కాగితం మీద ఆకుపచ్చ మరక విచ్చుకుంటుంది. ఆ పచ్చ పడితే బిలిరుబిన్ మూత్రంలోకి దిగుతోందన్నమాట. ఎర్రకణాలు చితికిపోవడం వల్ల వచ్చే కామెర్లలో అది పడదు.

రక్తంలో కూడా ఇలాగే విడదీసి చూపించినవాడు డచ్చి వైద్యుడు వాన్ డెన్ బర్గ్. ఎర్లిహ్ 1883లో కనిపెట్టిన డయజో రసాయనాన్ని తీసుకుని, 1916లో ఆయన, సహచరుడు ముల్లర్ ఒక విచిత్రాన్ని గమనించారు. దారి మూసుకున్న రోగి సీరం రసాయనం తగలగానే ఎర్రబడుతోంది. ఎర్రకణాలు చితికే రోగి సీరం ఆల్కహాలు కలిపితేనే రంగు మారుతోంది. ఒకటి డైరెక్ట్, ఇంకొకటి ఇండైరెక్ట్ అన్నారు. ఎందుకలా జరుగుతుందో తెలియడానికి మాత్రం నలభై ఏళ్లు పట్టింది. 1956లో వేరువేరు ప్రయోగశాలలు, కాలేయం బిలిరుబిన్‌కు గ్లూకురానిక్ ఆమ్లాన్ని జతచేసి నీటిలో కరిగేలా చేస్తుందని చూపించాయి.

ఇంకో కొలమానంలో మనవాడి చెయ్యి ఉంది. దారి మూసుకున్న కామెర్లలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము రక్తంలో బాగా పెరుగుతుందని 1930లలో తెలిసింది. దాన్ని కొలిచే తొలి పద్ధతుల్లో, ఎంజైము విడదీసిన ఫాస్ఫేటు ఎంతో లెక్కించేవారు. రక్తంలో ఫాస్ఫరస్‌ను నమ్మకంగా కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ప్రకటించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. నీలి రంగు చిక్కదనాన్ని బట్టి అంకె చెప్పే ఆ పద్ధతి దశాబ్దాలపాటు ప్రపంచమంతా ల్యాబుల్లో నడిచింది. భీమవరం రోగి రక్తాన్ని భీమవరం మనిషి పద్ధతితో పరీక్షించిన రోజులు అవి.

ఈ పరీక్షలన్నిటికీ ఒక హద్దుంది. హెపటైటిస్‌లోనూ డైరెక్ట్ బిలిరుబిన్ పెరుగుతుంది, ఫాస్ఫటేజ్ కొంత పెరుగుతుంది, మలం కొన్నాళ్లు తెల్లబడుతుంది. కాబట్టి మెడికల్ జాండిసా, సర్జికల్ జాండిసా అన్న వాదన వార్డుల్లో వారాల తరబడి సాగేది. హెపటైటిస్ రోగికి పొట్ట కోస్తే ప్రాణం మీదికొస్తుంది. కంతి ఉన్న రోగిని ఊరికే చూస్తూ కూర్చుంటే అది పెరుగుతుంది. ఆపరేషన్ చేసినా రక్తం ఆగని భయం. బాల్టిమోర్‌లో హాల్‌స్టెడ్ 1898లోనే ఆంపుల్లా కంతిని కోసి తీశాడు. 1922లో ఆయనే పిత్తనాళంలో రాయికి ఆపరేషన్ అయ్యాక కన్నుమూశాడు. 1935లో న్యూయార్కులో విపుల్ క్లోమం తలతో పాటు పేగు భాగాన్ని రెండు విడతల్లో తీశాడు. అలా విడగొట్టడానికి కామెర్ల రోగుల రక్తస్రావం ఒక కారణం. పిత్తం పేగులోకి దిగకపోతే కొవ్వులో కరిగే విటమిన్-కె ఒంటికి పట్టదు, అది లేక రక్తం గడ్డకట్టదు. కోపెన్‌హాగన్‌లో హెన్రిక్ డామ్ కోడిపిల్లల మీద చేసిన ప్రయోగాల్లో బయటపడిన ఆ విటమిన్‌కు 1943లో నోబెల్ బహుమతి దక్కింది. మేము కామెర్ల రోగికి ఆపరేషన్‌కు ముందు వేసే విటమిన్-కె సూది వెనక ఆ కోడిపిల్లలున్నాయి.

మూసుకున్న దారిని బతికున్న మనిషిలో కళ్లారా చూడటం మొదలయ్యాక అరుదైన కారణాలు ఒక్కొక్కటే పేరు తెచ్చుకున్నాయి. అర్జెంటీనాలోని కోర్డోబా నగరంలో పాబ్లో మిరిజ్జి 1931లో ఆపరేషన్ బల్ల మీదే పిత్తనాళంలోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీశాడు. 1948లో ఆయన వివరించిన స్థితికి ఆయన పేరే నిలిచింది. రాయి పిత్తనాళంలోకి దిగదు. పిత్తాశయం మెడలో ఇరుక్కుని పక్కనున్న నాళాన్ని నొక్కేస్తుంది. బయటికి కంతిలా కనిపిస్తుంది. తెలియక కోస్తే సర్జన్ అసలు నాళాన్నే తెగ్గొట్టే ప్రమాదముంది. 1934లో జర్మనీలో లెమ్మెల్, రాయీ కంతీ రెండూ లేకుండా కామెర్లు వచ్చే కారణం చెప్పాడు. ఆంపుల్లా పక్కన పేగు గోడ సంచిలా ఉబ్బి నాళాన్ని నొక్కుతుంది. ఇలాంటి సంచులు వయసుతో పాటు పెరుగుతాయి కాబట్టి ఇది ప్రధానంగా పెద్దవాళ్ల సమస్య. ఆ సంచిలో తిండి తుక్కు నిండితే స్కాన్‌లో క్లోమం గడ్డలాగే కనిపించి భయపెడుతుంది. 1871లోనే క్వింకే నొప్పి, కామెర్లు, మలంలో రక్తం, ఈ మూడూ కలిస్తే కాలేయపు ధమని ఉబ్బి పిత్తనాళంలోకి రక్తం కారుతోందేమో చూడమన్నాడు.

యేల్ విశ్వవిద్యాలయంలో జెరాల్డ్ క్లాట్‌స్కిన్ 1965లో 13 మంది రోగుల గురించి రాశాడు. వారి కంతి కాలేయం గుమ్మంలో, కుడి ఎడమ నాళాలు కలిసే చోట ఉంది. అడ్డు పిత్తాశయానికి పైన పడింది కాబట్టి పిత్తాశయం ఖాళీగా ముడుచుకునే ఉంటుంది. కూర్వాజియే లెక్కలో ఎదురు నిలిచినవాళ్లలాంటి రోగులకు కారణం ఇలా దొరుకుతుంది. ముడుచుకుంది కాబట్టి రాయేనని తీర్మానించిన వైద్యుడు ఈ రోగి దగ్గర పొరబడతాడు. మన దేశంలో కాశ్మీర్‌లో డాక్టర్ ఖురూ, ఆయన సహచరులు పిత్తనాళంలోకి దూరిన ఏలికపాముల మీద చేసిన పనిని 1990లో లాన్సెట్ ప్రచురించింది. పేగులో ఉండాల్సిన ఏలికపాము నాళంలోకి ఎక్కితే, అల్ట్రాసౌండ్ తెర మీద అది కదలడం కూడా చూడొచ్చు.

చూసే సాధనాలూ ఎక్కడెక్కడినుంచో వచ్చాయి. 1937లో హనోయ్‌లో హువార్డ్, దో జువాన్ హాప్ పొట్ట పైనుంచి సూదితో నాళంలోకి మందు పంపారు. 1970లలో జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయం వాళ్లు సన్నటి సూదితో దాన్ని సురక్షితం చేశారు. 1968లో వాషింగ్టన్‌లో మెక్యూన్ నోటి ద్వారా గొట్టం దించి ఆంపుల్లాలోకి మందు ఎక్కించాడు. 1974లో జర్మనీ, జపాన్ వైద్యులు అదే దారిలో వెళ్లి ఆంపుల్లాను కోసి రాళ్లు తీశారు. పొట్ట కోయకుండా రాయి బయటికి వస్తుందంటే మా తరం నోరు తెరిచింది. ఆ విద్యను తెలుగునాట వేళ్లూనించినవారిలో హైదరాబాదు ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీకి చెందిన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి గారి పేరు ముందుంటుంది. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ వచ్చినప్పుడు మా వయసు వైద్యులం మా పండగలాగే చేసుకున్నాం.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా కదిలించింది జపాన్‌లోని మత్సుమోతో నుంచి వచ్చిన పని. 1961లోనే సార్ల్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగనిరోధక శక్తి తిరగబడటం వల్ల క్లోమం వాయవచ్చని అనుమానించాడు. 2001లో షిన్షు విశ్వవిద్యాలయం నుంచి హమానో, కావా బృందం అలాంటి రోగుల రక్తంలో ఐజీజీ-4 అనే ప్రోటీను బాగా ఎక్కువగా ఉందని చూపించింది. ఈ జబ్బు ఎక్కువగా అరవైల్లో ఉన్న మగవాళ్లకు వస్తుంది. కామెర్లు వస్తాయి, బరువు తగ్గుతుంది, స్కాన్‌లో క్లోమం తల ఉబ్బి కనిపిస్తుంది. క్యాన్సరు అనుకుని ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఉన్నారు. స్టెరాయిడ్ మాత్రలతో తగ్గే జబ్బు ఇది.

ఒకసారి మా దగ్గరికి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. వేరేచోట స్కాన్ చూసి క్యాన్సరని చెప్పేశారు. ఇంట్లో పొలం పంపకాల మాట కూడా మొదలైంది. నేను కూర్చోబెట్టి పాత సంగతులు అడిగాను. రెండేళ్ల కిందట దవడల కింద రెండు వైపులా గడ్డల్లా ఉబ్బాయని, నోరు ఎండిపోయేదని, దంతవైద్యుడికి చూపించుకున్నానని చెప్పారు. వేలితో తడిమితే లాలాజల గ్రంథులు ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఐజీజీ-4 పంపించాం, చాలా ఎక్కువ వచ్చింది. అది ఒక్కటే చాలదు, కొందరు క్యాన్సరు రోగుల్లోనూ పెరుగుతుంది. అందుకే హైదరాబాదు పంపి ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో ముక్క తీయించాం. క్యాన్సరు కణాలు లేవు. స్టెరాయిడ్ మొదలుపెట్టి రెండు వారాలకు మళ్లీ స్కాన్ తీస్తే వాపు బాగా దిగింది, కళ్లు తేటపడ్డాయి. ఆ మాస్టారి జబ్బును పట్టిచ్చింది ఖరీదైన యంత్రం ఒక్కటే అనలేను. దవడ కింద ఉన్నదాన్ని కూడా లెక్కలోకి తీసుకోవడం వల్ల ఆ యంత్రం దేన్ని వెతకాలో తెలిసింది.

అందుకే జూనియర్లకూ, పెద్దవాళ్లున్న ఇళ్లకూ నేను చెప్పేది ఇదే. అరవై దాటిన మనిషికి కామెర్లు వస్తే పసరుతో రోజులు గడపకండి. మలం తెల్లబడిందా, మూత్రం ముదురు టీ రంగులో ఉందా, దురద ఉందా, బరువు తగ్గిందా, కామెర్లు తగ్గి మళ్లీ వచ్చాయా, చలిజ్వరం ఉందా, మాట తడబడిందా, అన్నీ రాసుకుని ఆసుపత్రికి రండి. మొదటి రోజే అల్ట్రాసౌండ్ చేయించండి. నాళాలు ఉబ్బి ఉంటే దారి ఎక్కడ మూసుకుందో, ఏది మూసిందో తేలేవరకు ఆగకండి. వైద్యులకు చెప్పేది ఇంకొకటి ఉంది. మొదటి నీడ చూసి 'ముసలితనం' అనకండి, 'క్యాన్సర్' అని కూడా తొందరపడి అనకండి. రాళ్లూ కంతులే ఎక్కువ, నిజమే. తక్కువమందిలో ఉండే కారణాల్లో చాలావాటికి మందుంది. కూర్వాజియే తన పట్టికలో ఆ 25 మందికి చోటిచ్చాడు. మన వార్డులో, మన రోగి గురించి ఆలోచించేటప్పుడు అలాంటివాళ్లకు చోటివ్వడం వైద్యుడి బాధ్యత.